కేడీ రిజిస్టరు

"వాడు పెద్ద కేడీ రా బాబూ" అనని తెలుగువాడు ఉండడేమో. ఎన్టీఆర్ కి కేడీ నంబర్ వన్ అని 1978లో ఒక సినిమా ఉంది, 2010లో నాగార్జునకి కేడీ అనే ఇంకో సినిమా ఉంది. తిట్టుగా వాడతాం, ముద్దుగానూ వాడతాం. కానీ ఇది నిజానికి తెలుగు మాటే కాదు. పోలీసు స్టేషన్లో ఒక రిజిస్టరు పేరు. కె, డి అనే రెండు ఇంగ్లీషు పొడి అక్షరాలు. విడదీస్తే 'నోన్ డిప్రెడేటర్'. అంటే దోచుకునేవాడని మనకి ముందే తెలిసినవాడు అని. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల నుంచి స్టేషన్లలో ఈ లిస్టు ఉండేది. లిస్టులో పేరున్నవాడు రాత్రి ఇంట్లో పడుకున్నాడా లేదా అని కానిస్టేబుల్ వచ్చి చూసి వెళ్ళేవాడు.

ఆ మాటలో 'దోచుకున్నవాడు' అని లేదు, గమనించారా? 'తెలిసినవాడు' అని ఉంది. ఏదో ఒక నేరం చేసి, శిక్ష పడి, అది పూర్తిగా అనుభవించి వచ్చినా తెలిసినవాడు తెలిసినవాడే.

శిక్షకి చివరి తేదీ ఉంటుంది. ఆర్నెల్లో మూడేళ్ళో కోర్టు రాసిస్తుంది. రిజిస్టర్లో పేరుకి చివరి తేదీ ఎవరూ రాయరు. జైలు నుంచి వచ్చిన మనిషి మళ్ళీ మామూలుగా బతకడం ఎలా అనే చర్చ వచ్చినప్పుడల్లా మనం కుట్టు మిషన్లు, చేతిపని శిక్షణ, బ్యాంకు లోన్ల గురించే మాట్లాడతాం. అవీ కావాలి, కాదనను. కానీ ఈ ప్రయోగం మన ఆంధ్ర దేశంలోనే నూరేళ్ళ కిందట ఏకంగా ఒక ఊరు కట్టి మరీ చేశారు. ఇళ్ళిచ్చారు, భూమి ఇచ్చారు, పని చూపించారు, బడి పెట్టారు. ఒక్క పని మాత్రం చెయ్యలేదు. ఆ ఊరి పేరు స్టువర్టుపురం.

బాపట్లకీ చీరాలకీ మధ్యలో ఉంటుంది. విజయవాడ నుంచి గూడూరు వెళ్ళే రైలు మార్గంలో ఆ పేరుతో స్టేషను కూడా ఉంది. మనలో చాలామందికి ఈ ఊరు తెలిసింది సినిమాల వల్లే. 1991లో చిరంజీవి స్టువర్టుపురం పోలీస్ స్టేషన్ వచ్చింది, అదే ఏడాది స్టువర్టుపురం దొంగలు వచ్చింది, 2023లో టైగర్ నాగేశ్వరరావు వచ్చింది. మొత్తానికి ఊరి పేరు చెప్తే చాలు, పక్కన దొంగ అనే మాట దానంతటదే వచ్చి కూర్చునేలా తయారయింది. ఊరు ఎలా పుట్టిందో చెప్పేవాళ్ళు మాత్రం తక్కువ.

కథ 1871లో మొదలవుతుంది. ఆ ఏడాది అక్టోబరులో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. వాళ్ళ వాదన చాలా సింపుల్. ఈ దేశంలో వడ్రంగి కొడుకు వడ్రంగి అవుతాడు, నేతగాడి కొడుకు నేతగాడవుతాడు, కాబట్టి దొంగతనం కూడా కులవృత్తే అయ్యుంటుంది, దొంగ కొడుకు దొంగే అవుతాడు అని. దాంతో మనిషిని కాకుండా కులాన్ని కులంగా నేరస్థ జాతి అని ప్రకటించే అధికారం ప్రభుత్వానికి వచ్చింది. ఒకసారి ప్రకటించాక దాన్ని కోర్టులో సవాలు చెయ్యడానికి లేదు. ఆ కులంలో పుట్టినవాడు పేరు నమోదు చేయించుకోవాలి, పిలిచినప్పుడు హాజరు వెయ్యాలి, ఊరు దాటాలంటే పాసు తీసుకోవాలి. పాసు లేకుండా దొరికితే అదే నేరం.

మొదట్లో ఈ చట్టం ఉత్తరాదికే. 1911లో కొత్త చట్టం వచ్చాక మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తించింది. మన దగ్గర దీని కింద ప్రధానంగా నలిగింది ఎరుకలవాళ్ళు.

ఎరుకలవాళ్ళు అంతకు ముందు ఏం చేసేవాళ్ళు? అందరూ ఒకే పని కాదు. బుట్టలు, తట్టలు అల్లేవాళ్ళు కొందరు, ఎరుక చెప్పేవాళ్ళు కొందరు, కరివేపాకు అమ్మేవాళ్ళు కొందరు. ఉప్పు ఎరుకల అని ఇంకో శాఖ. వీళ్ళు కోస్తాలో ఉప్పు కొని గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని లోపలి జిల్లాలకి తీసుకెళ్ళి, అక్కణ్ణుంచి ధాన్యం తెచ్చుకునేవాళ్ళు. ఇప్పటి భాషలో చెప్పాలంటే లాజిస్టిక్స్ వ్యాపారం. మద్రాసు ప్రెసిడెన్సీలో 1805 నుంచే ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం ఉంది. తర్వాత 1856లో మద్రాసులో రైలు మొదలయింది. ఉప్పు బస్తా రైలెక్కి వెళ్తుంటే గాడిదకి పనేముంది? 1876-78లో వచ్చిన పెద్ద కరువు జనాన్ని ఊడ్చేసింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. వెదురుకి, మేతకి అడవిలోకి వెళ్ళడం కష్టమయింది. పాతికేళ్ళలో ఒక జాతి జాతికి బతుకుతెరువు పోయింది. ఈ సంగతులన్నీ మీనా రాధాకృష్ణ గారు 2001లో అచ్చయిన తన పుస్తకంలో మద్రాసు రికార్డులు తిరగేసి వివరంగా రాశారు. తిరగడం తప్ప స్థిరమైన ఊరు లేనివాళ్ళు, పని పోయినవాళ్ళు, పన్ను కట్టనివాళ్ళు. ప్రభుత్వం కంటికి వీళ్ళు అనుమానితులుగా కనపడటంలో ఆశ్చర్యం లేదు. వాళ్ళలో కొందరు దొంగతనాలు చేశారా అంటే చేశారు. బతుకుతెరువు పోతే ఏ కులంలోనైనా కొందరు చేస్తారు. ఇక్కడ మాత్రం కొందరు చేసినదానికి రిజిస్టర్లో అందరి పేర్లూ ఎక్కాయి.

మన ఫీల్డు వాళ్ళకి నచ్చే సంగతి ఒకటి మధ్యలో చెప్పాలి. 1911 చట్టం ప్రకారం నమోదైనవాళ్ళ వేలిముద్రలు తీసుకోవచ్చు. వేలిముద్ర తీసుకోవడం తేలికే, వేల కాగితాల్లోంచి కావాల్సినదాన్ని వెతకడమే కష్టం. ఆ సమస్యని ప్రపంచంలో మొదట పరిష్కరించిన చోట్లలో కలకత్తా ఒకటి. 1897లో అక్కడ వేలిముద్రల బ్యూరో పెట్టారు. పేరు ఎడ్వర్డ్ హెన్రీ అనే పోలీసు అధికారికి వచ్చింది గానీ లెక్క కట్టింది ప్రధానంగా అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు మనవాళ్ళు. పది వేళ్ళ మీదున్న సుడులని బట్టి ఒక సంఖ్య కట్టి, ఆ సంఖ్యని బట్టి కాగితాన్ని 32 వరసలు, 32 నిలువులు ఉన్న బీరువాలో ఒక గూట్లో పెట్టడం. మొత్తం 1024 గూళ్ళు. అవును, అచ్చంగా హ్యాష్ టేబులే! కంప్యూటర్ పుట్టక ముందే. చదివినప్పుడు ఇంజనీరుగా చాలా ముచ్చటేసింది. తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. ఇందులో ఇన్సర్ట్ ఉంది, సెర్చ్ ఉంది. డిలీట్ ఎక్కడ?

సరే, స్టువర్టుపురానికి వద్దాం. చట్టం కింద లక్షల మందిని నమోదయితే చేశారు గానీ వాళ్ళని ఏం చెయ్యాలో ప్రభుత్వానికి తెలీదు. అందరినీ జైల్లో పెట్టలేరు. అప్పుడు ముందుకొచ్చింది సాల్వేషన్ ఆర్మీ, మన వైపు రక్షణ సైన్యం అంటారు. దాని నాయకుడు ఫ్రెడరిక్ బూత్-టక్కర్ చిత్రమైన మనిషి. ఐసీఎస్ ఉద్యోగం వదిలేసి, 1882లో బొంబాయిలో దిగి, కాషాయం కట్టుకుని, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకుని తిరిగాడు. నేరం ఒక జబ్బు లాంటిదని, సరిగ్గా వైద్యం చేస్తే కుదురుతుందని ఆయన నమ్మకం. ఆ వైద్యానికి ఏకంగా ఒక శాస్త్రం పేరు కూడా సృష్టించాడు, 'క్రిమినోక్యూరాలజీ' అని. వాళ్ళ మొదటి సెటిల్మెంటు 1908లో గోరఖ్‌పూర్లో పెట్టారు. 1913-14లో మన బాపట్ల దగ్గర ఎరుకల కుటుంబాలని తెచ్చి ఇంకోటి పెట్టారు. మద్రాసు గవర్నరు కౌన్సిల్లో సభ్యుడిగా ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. ఈ స్టువర్ట్ గారు అంతకు ముందు, 1904లో దేశం మొత్తానికి నేర నిఘా విభాగం పెట్టినప్పుడు దాని మొదటి అధిపతి. అంటే ఊరికి పెట్టిన పేరు కూడా పోలీసుదే. నెల్లూరు జిల్లా కావలిలో అమెరికన్ బాప్టిస్టులు ఇలాంటిదే ఒకటి నడిపారు. కృష్ణ ఒడ్డున సీతానగరం, కర్నూలు వైపు సిద్ధాపురం ఇలా వేరే చోట్ల కూడా సెటిల్మెంట్లు వచ్చాయి.

న్యాయంగా చెప్పాలంటే ఈ మిషనరీలు చెడ్డవాళ్ళు కాదు. తిండి లేనివాళ్ళకి తిండి, ఇల్లు లేనివాళ్ళకి ఇల్లు, పిల్లలకి చదువు ఇచ్చారు. చాలామంది తెల్లదొరలు ఆ జనాన్ని మనుషులుగానే చూడని రోజుల్లో వీళ్ళు మారగలరని నమ్మారు. ఆ గౌరవం వాళ్ళకి ఇవ్వాల్సిందే.

అయితే ఊరు నడిచిన పద్ధతి చూడండి. హాజరు పట్టీ ఉంది. బయటికి వెళ్ళాలంటే పాసు ఉంది. మాట వినకపోతే శిక్ష ఉంది. పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నుంచి తీసేసుకునే అధికారం చట్టంలోనే ఉంది, ఎందుకంటే 'జబ్బు' పెద్దవాళ్ళ నుంచి పిల్లలకి అంటకూడదట. ఇచ్చిన భూమి అందరికీ సరిపోలేదు. మిగిలినవాళ్ళకి కూలి పనే దిక్కు. చీరాల పొగాకు ఫ్యాక్టరీకి వీళ్ళు దగ్గర్లో దొరికే కూలీలయ్యారు. పని మానేసి వేరే ఊరెళ్ళి ఎక్కువ కూలి వెతుక్కుందామంటే కుదరదు, పాసు కావాలి. జీతం నచ్చకపోతే రిజైన్ చేసే వీలు లేని ఉద్యోగం అన్నమాట!

అన్నిటికంటే ముఖ్యమైన లోపం ఇంకోటి ఉంది. ఫలానా మనిషి 'బాగయ్యాడు' అని తేల్చేది ఎవరు? ఎప్పుడు? పదేళ్ళు ఒక్క దొంగతనం కూడా చెయ్యకుండా పొలం చేసుకున్నవాడికి పేరు కొట్టేయించుకునే హక్కు ఉందా? లేదు. దయతలచి నిబంధనలు సడలించవచ్చు, అంతే. అది అధికారి ఇష్టం. పైగా వాడికి పుట్టిన బిడ్డ కూడా ఆ జాతి బిడ్డే. బూత్-టక్కర్ మాటల్లోనే చెప్పుకుంటే ఇది ఆసుపత్రి. కానీ డిశ్చార్జి లేని ఆసుపత్రిని ఏమంటారు?

దీనికి వ్యతిరేకంగా గొంతెత్తినవాళ్ళు మన వైపే ఉన్నారు. నెల్లూరు జిల్లాకి చెందిన వెన్నెలకంటి రాఘవయ్య గారు యానాదులు, ఎరుకలవాళ్ళ కోసం జీవితాంతం పనిచేశారు. 1936లో నెహ్రూ నెల్లూరు వచ్చినప్పుడు ఈ చట్టాన్ని బహిరంగంగా తిట్టాడు. ఏ జాతినీ జాతిగా నేరస్థులని అనడానికి వీల్లేదని, ఇది పౌర హక్కులకే వ్యతిరేకమని ఆయన అన్నది అక్కడే. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే మద్రాసు రాష్ట్రం తన వరకు చట్టాన్ని రద్దు చేసింది. దేశం మొత్తానికి ఏం చెయ్యాలో చూడమని 1949లో ఒక కమిటీ వేశారు. దాని అధ్యక్షుడు మన తిరుపతి వైపు ఆయనే, తర్వాత లోక్ సభ స్పీకరయిన అనంతశయనం అయ్యంగారు. కమిటీ రద్దు చెయ్యమంది. 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. అందుకే ఈ జాతుల వాళ్ళు ఇప్పటికీ ఆగస్టు 31ని విముక్తి దినంగా జరుపుకుంటారు. మిగతా దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్ళ పదహారు రోజులకి వాళ్ళకి వచ్చింది.

ఇక్కడితో కథ సుఖాంతం కావాలి కదా. కాలేదు. మద్రాసు ప్రభుత్వం 1948లోనే 'అలవాటుపడ్డ నేరస్థుల' చట్టం అని ఇంకోటి తెచ్చుకుంది. ఆంధ్రప్రదేశ్ వచ్చాక 1962లో మన రాష్ట్రానికీ ఒక అలవాటుపడ్డ నేరస్థుల చట్టం వచ్చింది. కొత్త చట్టంలో జాతి పేరు లేదు, మనిషిని బట్టి, పడిన శిక్షలని బట్టి అని ఉంది. కాగితం మీద అది పెద్ద తేడానే, కాదనలేం. కానీ స్టేషన్లో రిజిస్టరు పాతదే, కానిస్టేబుల్ పాతవాడే, చుట్టుపక్కల ఎక్కడ దొంగతనం జరిగినా ముందు ఏ ఊరికి జీపు వెళ్ళాలో అందరికీ తెలుసు. బగ్ ఫిక్స్ చెయ్యకుండా వేరియబుల్ పేరు మార్చి రిలీజ్ చేసినట్టు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2000లో ఈ అలవాటుపడ్డ నేరస్థుల చట్టాలని రద్దు చెయ్యమంది. 2007లో ఐక్యరాజ్య సమితి జాతి వివక్ష కమిటీ కూడా అదే చెప్పింది.

ఈ లోపు స్టువర్టుపురంలో ఏమయింది? కంచె తీసేశారు, జనం మిగిలారు. బయట పని అడిగితే ఏ ఊరని అడుగుతారు. ఊరి పేరు చెప్తే పని ఉండదు. కొందరు నిజంగానే దొంగతనాలు చేశారు, జైళ్ళకి వెళ్ళారు, తిరిగి వచ్చారు, మళ్ళీ వెళ్ళారు. చెయ్యనివాళ్ళు కూడా అనుమానం మీద వెళ్ళారు. దొంగతనం చేసినా చెయ్యకపోయినా కొట్టేది ఒకటే అయినప్పుడు మానెయ్యడానికి కారణం ఏం మిగులుతుంది? సమర్థిస్తున్నానని కాదు. ఆ ఊళ్ళో పుట్టిన పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి ఎన్ని దారులు కనపడతాయో ఒకసారి లెక్కపెట్టుకోమంటున్నా.

1974లో, జలగం వెంగళరావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా, ఇద్దరు మనుషులు ఆ ఊరికి వెళ్ళారు. లవణం గారు, హేమలత గారు. లవణం గోరా గారి అబ్బాయి, విజయవాడ నాస్తిక కేంద్రం గోరా. 1930లో ఉప్పు సత్యాగ్రహం నడుస్తున్న ఏడాది పుట్టాడని ఆ పేరు పెట్టారు. హేమలత మహాకవి జాషువా గారి అమ్మాయి. ఉప్పు వ్యాపారం పోయి రోడ్డున పడ్డవాళ్ళ మనవలు, మునిమనవల దగ్గరికి ఉప్పు పేరున్న మనిషి రావడం కాకతాళీయమే గానీ నాకు భలే అనిపించింది.

వాళ్ళకి దీని మీద ముందే అనుభవం ఉంది. 1960లో వినోబా భావే చంబల్ లోయలో తిరిగినప్పుడు కొందరు బందిపోట్లు ఆయన ముందు తుపాకులు దించారు. వినోబాతో నడిచినవాళ్ళలో వీళ్ళూ ఉన్నారు. 1972లో జయప్రకాశ్ నారాయణ్ ముందు అంతకంటే చాలామంది లొంగిపోయారు. ఆ ధైర్యంతో మన దగ్గర సంస్కార్ అనే సంస్థ పెట్టి స్టువర్టుపురంలో మొదలుపెట్టి మిగతా సెటిల్మెంట్లకీ విస్తరించారు.

రక్షణ సైన్యానికీ వీళ్ళకీ తేడా ఏంటి? మతం వాళ్ళు, నాస్తికులు అనే తేడా పైకి కనపడుతుంది. నాకు అసలు తేడా అది కాదనిపించింది. మొదటివాళ్ళు ఎరుకలవాళ్ళని మాత్రమే మార్చాలనుకున్నారు. వీళ్ళకి రెండు వైపులా పని ఉందని తెలుసు. ఇళ్ళలోకి వెళ్ళి కూర్చుని మాట్లాడటం, ముఖ్యంగా ఆడవాళ్ళతో హేమలత గారు మాట్లాడటం, పిల్లల్ని బళ్ళో వేయించడం ఒక వైపు. పోలీసులతో, అధికారులతో, చుట్టుపక్కల జనంతో మాట్లాడటం ఇంకో వైపు. మానేస్తానన్నవాణ్ణి పాత కేసుల్లో మళ్ళీ మళ్ళీ లాక్కెళ్ళకుండా ఉంటేనే మానెయ్యడం కుదురుతుంది. ఆ హామీ ఇవ్వాల్సింది దొంగ కాదు, ప్రభుత్వం. పైగా జాషువా గారి అమ్మాయికి పుట్టుకతో వచ్చే ముద్ర అంటే ఏంటో ఒకరు చెప్పక్కర్లేదు. గబ్బిలం రాసిన కవి ఇంట్లో పెరిగిన మనిషి ఆవిడ. వాళ్ళు వెళ్ళాక రాత్రికి రాత్రి అంతా మారిపోయిందని నేననను. అలాంటి కథలు సినిమాల్లోనే ఉంటాయి. హేమలత గారు 2008లో, లవణం గారు 2015లో పోయారు. ఇన్నేళ్ళ శ్రమ తర్వాత కూడా ఆ ఊరి పేరు మీద సినిమా తియ్యాలంటే మనకి దొంగ కథే దొరుకుతోంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఇది ఒక ఊరి కథే కాదు. జైలు గేటు దాటి బయటికొచ్చిన ఎవరికైనా ఇదే సమస్య. స్టువర్టుపురం మనకి పెద్ద స్కేల్లో నడిపి చూపించిన టెస్ట్ కేస్ లాంటిది. భూమి, బడి, పని అన్నీ ఇచ్చి రిజిస్టరు అలాగే ఉంచితే ఏమవుతుందో అక్కడ తేలిపోయింది.

మన చట్టాల్లో డిలీట్ బటన్ అసలు లేదని కాదు, అక్కడక్కడా ఉంది. 1958లో వచ్చిన ప్రొబేషన్ చట్టంలో 12వ సెక్షన్ ఉంది. ఆ చట్టం కింద జైలుకి పంపకుండా మందలించి గానీ, ప్రొబేషన్ మీద గానీ వదిలేసినవాడికి ఆ శిక్ష వల్ల వచ్చే అనర్హతలు అంటవు. 2015 బాలల న్యాయ చట్టంలో 24వ సెక్షన్ ఇంకా ముందుకెళ్ళింది. తప్పు చేసిన పిల్లల రికార్డుని, కొన్ని తీవ్రమైన కేసుల్లో తప్ప, కొంత గడువు తర్వాత నాశనం చెయ్యాలంటుంది. కానీ పాతికేళ్ళ వయసులో చిన్న దొంగతనానికి ఆర్నెల్లు జైలుకెళ్ళొచ్చి, తర్వాత ఇరవై ఏళ్ళు బుద్ధిగా బతికినవాడికి వర్తించే సాధారణ చట్టం మన దగ్గర లేదు. బ్రిటన్ అలాంటిది 1974లో చేసుకుంది. శిక్షని బట్టి కొన్నేళ్ళు మళ్ళీ నేరం చెయ్యకుండా ఉంటే పాత శిక్ష 'ఖర్చయిపోయినట్టు' లెక్క, మామూలు ఉద్యోగాలకి చెప్పక్కర్లేదు. పిల్లలతో పనిచేసే ఉద్యోగాల్లాంటి వాటికి మినహాయింపులున్నాయి. లవణం, హేమలత స్టువర్టుపురం వెళ్ళిన ఏడాదే ఆ చట్టం వచ్చింది. మనకి నేరస్థ జాతుల చట్టం రాసిచ్చిన దేశం తనకి మాత్రం డిశ్చార్జి సమ్మరీ రాసుకుంది!

మన దగ్గర గాలి కొంచెం ఎదురుగానే వీస్తోంది. 2022లో వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ ఐడెంటిఫికేషన్ చట్టం ప్రకారం తీసుకున్న వేలిముద్రలు, ఐరిస్ లాంటి కొలతలు జాతీయ నేర రికార్డుల బ్యూరో దగ్గర 75 ఏళ్ళు ఉంటాయి. ముందు ఏ శిక్షా లేనివాడు నిర్దోషిగా బయటపడితే కొట్టేస్తారు గానీ, అక్కడ కూడా కోర్టు వద్దంటే ఉంచేయొచ్చు. డెబ్భై ఐదేళ్ళు! మన సర్వర్ లాగ్స్ ని తొంభై రోజులు దాచమంటేనే స్టోరేజ్ అని గొడవ పెట్టుకుంటాం. 2016లో సుప్రీం కోర్టు ఎఫ్ఐఆర్లని ఇరవై నాలుగు గంటల్లో వెబ్ సైట్లో పెట్టమంది. నిందితుడికి తన మీదేం రాశారో తెలియాలని చేసిన మంచి పని అది. కోర్టు కేసులూ ఆన్ లైన్లో దొరుకుతున్నాయి. ఒకప్పుడు 1024 గూళ్ళ బీరువా కలకత్తాలో ఒక గదిలో ఉండేది. ఇప్పుడు పేరు కొడితే ఎవడి ఫోన్లోనైనా తెరుచుకుంటుంది.

చిన్న ఆశ కూడా ఉంది. 2024 అక్టోబరు 3న సుప్రీం కోర్టు జైళ్ళలో కులాన్ని బట్టి పనులు అప్పగించే నిబంధనలని కొట్టేసింది. సుకన్యా శాంత అనే జర్నలిస్టు వేసిన కేసు అది. విముక్త జాతుల వాళ్ళని పుట్టుకతో నేరస్థులుగా చూసే వాసనలు జైలు మాన్యువల్స్ లో ఇంకా ఉన్నాయని ఆ తీర్పులో ఉంది. ఖైదీల రిజిస్టర్లలో కులం కాలమ్ తీసెయ్యమని ఆదేశించింది. కాలమ్ డ్రాప్ చెయ్యడం అనే పని మనకి చాలా మామూలు విషయం. అక్కడ దానికి నూట యాభై ఏళ్ళు పట్టింది.

ఇక మన సంగతి. మన కంపెనీల్లో చేరేటప్పుడు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అందరం చూసినవాళ్ళమే. 2006లో నాస్కామ్ మొదలుపెట్టిన నేషనల్ స్కిల్స్ రిజిస్ట్రీ కోసం వేలిముద్రలు ఇచ్చినవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. మనకది క్యూలో నిలబడే విసుగు మాత్రమే, ఎందుకంటే దాని వెనక దాచుకునేదేం లేదు. అదే ఫారంలో 'మీ మీద ఎప్పుడైనా క్రిమినల్ కేసు నమోదయిందా' అనే గడి ఉంటుంది. అవునో కాదో టిక్ పెట్టాలి. ఎప్పుడు, ఏ కేసు, ఏం తేలింది అన్నది ఆ టిక్ మార్కుకి తెలీదు. 2022 చివరి లెక్కల ప్రకారం మన జైళ్ళలో ఉన్నవాళ్ళలో నూటికి 75 మంది పైన విచారణ ఖైదీలే. నేరం ఇంకా రుజువే కాలేదు. వాళ్ళలో రేపు నిర్దోషిగా బయటికొచ్చేవాడు కూడా ఆ గడి దగ్గర ఆగాల్సిందే.

దీనికి ఒక గట్టి ప్రశ్న వస్తుందని తెలుసు. "బ్యాంకు క్లయింటు డేటా వాడి చేతికిచ్చి రేపు ఏదైనా జరిగితే నువ్వొస్తావా?" అని. సరైన ప్రశ్నే. మోసం కేసులో శిక్ష పడినవాణ్ణి మర్నాడే పేమెంట్స్ టీములో పెట్టమని నేనూ చెప్పను. దొంగతనం వల్ల నష్టపోయినవాడి బాధ కూడా బాధే, బాపట్ల చుట్టుపక్కల పల్లెల్లో ఇల్లు గుల్లయినవాళ్ళూ ఉన్నారు. కానీ ఎప్పటికీ, ఏ పనికీ పనికిరాడనడానికీ, ఈ పనికి ఇప్పుడు వద్దనడానికీ తేడా లేదా? మన ఆఫీసుల్లో మన ఉద్యోగాలొక్కటే లేవు. క్యాంటీన్, హౌస్ కీపింగ్, క్యాబులు, సెక్యూరిటీ, తోట పని, వీటన్నిటికీ కాంట్రాక్టర్లకి మనమిచ్చే నిబంధనల్లో 'ఏ కేసూ ఉండకూడదు' అని ఒక్క లైను రాసేస్తాం. రాసినవాడికి అది కాపీ పేస్ట్. ఆ లైను వల్ల ఎంతమంది గేటు బయటే ఆగిపోయారో ఎవరూ లెక్క చూడరు.

నేననేది ఆ గడి తీసెయ్యమని కూడా కాదు. దాని పక్కన మూడు ప్రశ్నలు పెట్టండి. కేసా, రుజువైన శిక్షా? ఎన్నేళ్ళయింది? ఈ పనికీ దానికీ సంబంధం ఉందా? ఈ మూడూ అడిగాక కూడా వద్దనుకుంటే వద్దనండి, కనీసం ఆలోచించి వద్దన్నట్టవుతుంది. మనలో టీం లీడ్లున్నారు, హెచ్ఆర్ లో పనిచేసేవాళ్ళున్నారు, వెరిఫికేషన్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళే ఉన్నారు. ఆ టేబుల్ కి ఒక రిటెన్షన్ పీరియడ్ పెట్టండని రిక్వైర్మెంట్స్ మీటింగులో అడగడానికి కొత్త చట్టం రానక్కర్లేదు. అడ్రసు కాలమ్‌లో ఊరి పేరు చూసి రెజ్యూమె పక్కన పెట్టేవాడెవడైనా పక్క సీట్లో కనపడితే, ఆ ఊరు ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో వాడికి ఒకసారి చెప్పండి.